తల కింద చెయ్యి

వర్జిల్ టాకెట్ టీవీలో గెలవగా చూసినవాళ్ళు మా హాల్కమ్ ఊళ్ళో ఒక్కరూ లేరు. పదకొండేళ్ళ పాటు ప్రతి శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి పట్నంలోని స్టూడియోలో కుస్తీకి దిగి, ప్రతి శనివారం ఓడిపోయాడు. వారమంతా మా సాక్సుల మిల్లులో యంత్రాలు బాగుచేసేవాడు. శనివారం పొద్దున నీలం నిక్కరు, బూట్లు సంచిలో పెట్టుకుని వెళ్ళి, పేరున్న వస్తాదు ఎవడో ఒకడి చేతిలో నాలుగు నిమిషాలు తన్నులు తిని, సాయంత్రం భోజనం వేళకి ఇంటికొచ్చేవాడు. వస్తాదు గొప్పవాడని జనానికి తెలియాలంటే వాడి చేతిలో పడేవాడు ఒకడుండాలి కదా. మా వర్జిల్ అలా పడేవాడు. బాగా పడేవాడు. అందులో ఆయన పనితనం ఎంతో నాకు అర్థం కావడానికి ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది. అది నా బుర్ర సంగతి.

నేను ఐనెజ్‌ని, వాళ్ళ పక్కింటిదాన్ని. వర్జిల్ భార్య మొజెల్, నేను మిల్లులో పక్కపక్క బల్లల మీద కూర్చుని ఇరవై ఆరేళ్ళు సాక్సుల బొటనవేళ్ళ దగ్గర కుట్లు వేశాం. మిల్లు మూతపడింది, మా ఆయన పోయాడు, మా మోకాళ్ళు పోయాయి. శనివారం ఒంటిగంట మాత్రం పోలేదు. ఆ వేళకి నేను ఒక పెనం మొక్కజొన్న రొట్టె పట్టుకుని వాళ్ళింటికి వెళ్తాను. మొజెల్ చిక్కుడుగింజలు ఉడికించి ఉంచుతుంది. వర్జిల్ పాత క్యాసెట్టు ఒకటి పెడతాడు. ముగ్గురం తింటూ ఆయన ఓడిపోవడం చూస్తాం.

ఆ రోజుల్లో కుస్తీ ఇప్పటిలా దేశమంతటికీ ఒకటే కాదు. మా టెన్నెసీ కొండల ఇవతల ఒక కంపెనీ, అవతల ఇంకో కంపెనీ. ఎవరి చాంపియన్ వాళ్ళకి, ఎవరి దుర్మార్గుడు వాళ్ళకి. స్టూడియోలో నాలుగు వరసల చెక్క బెంచీలు, మధ్యలో రింగు. వారంలో వానలు ఎప్పుడు పడతాయో చెప్పే మనిషే శనివారం మైకు పట్టుకుని ఎవడు ఎవణ్ణి కొట్టాడో చెప్పేవాడు. స్టూడియో వాళ్ళు ఆ వారం టేపు మీదే వచ్చే వారం కుస్తీ ఎక్కించేవాళ్ళు కాబట్టి వాళ్ళ దగ్గర ఏమీ మిగల్లేదు. మొజెల్ మొగుణ్ణి చూసుకోవడానికని మా వీధిలో అందరికంటే ముందు రికార్డర్ కొంది. అందుకే చివరి ఐదేళ్ళ ఓటములూ భద్రంగా ఉన్నాయి.

అదంతా ముందే మాట్లాడుకున్న నాటకమని అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. మొజెల్ వాళ్ళని గడప తొక్కనిచ్చేది కాదు. "ఇప్పటివాళ్ళది నాటకం. మావాళ్ళది కాదు," అని ఈ డెబ్భై ఏడేళ్ళ వయసులోనూ అంటుంది. నన్నడిగితే, శనివారం మధ్యాహ్నం నమ్మేదాన్ని, ఆదివారం పొద్దున నమ్మేదాన్ని కాదు.

మా కంపెనీ దుర్మార్గుడు బ్రదర్ అమోస్. నల్ల కోటు, చేతిలో కీర్తనల పుస్తకం. రింగులోకి వచ్చి మా పాపాల గురించి మాకే నీతులు చెప్పి, రిఫరీ అటు తిరగ్గానే అదే పుస్తకంతో ఎదుటివాడి మొహం వాయించేవాడు. మేమందరం చర్చికి వెళ్ళే ఆడవాళ్ళం, మా ఒళ్ళు ఎలా మండేదో వేరే చెప్పాలా? అసలు పేరు డెల్మస్ ప్రూయిట్. కొండకి అవతల, పది మైళ్ళ దూరంలో ఇల్లు. అతని భార్య లూలా చిన్నప్పుడు మా చర్చిలోనే పాడేది. ఆ పిల్ల అలాంటివాణ్ణి ఎందుకు చేసుకుందా అని మేం ముక్కున వేలేసుకునేవాళ్ళం.

మాకు తర్వాత తెలిసింది మీకు ముందే చెప్పేస్తాను. నాకు కథల్లో దాచిపెట్టడం రాదు. వర్జిల్‌కి లోకంలో ఒక్కడే ప్రాణస్నేహితుడు, వాడు డెల్మస్ ప్రూయిట్. రింగులో మంచివాడూ చెడ్డవాడూ బయట ఒక కారెక్కకూడదు, ఒక హోటల్లో తినకూడదు, అసలు సంగతి పెళ్ళానికి కూడా చెప్పకూడదు. అది వాళ్ళ వృత్తి నియమం. ఒకే బండిలో కనబడ్డారని ఇద్దరు వస్తాదుల్ని ఆ వారమే ఉద్యోగంలోంచి పీకేశారట. అందుకని వీళ్ళిద్దరూ వేరువేరు కార్లలో రాష్ట్ర సరిహద్దు దాటి, పక్కనున్న కెంటకీలో తమని ఎరిగినవాళ్ళు ఎవరూ లేని ఒక చెరువు దగ్గర కలుసుకునేవాళ్ళు. చేపలకి వెళ్తున్నానని మొజెల్‌తో చెప్పేవాడు వర్జిల్. కంపెనీ మూతపడ్డాక కూడా అలాగే వెళ్ళేవాళ్ళు. రెండేళ్ళ కిందట ఆయన చేతులు వణకడం మొదలై డాక్టరు కారు నడపొద్దన్నాడు. అప్పట్నుంచి స్నేహితుణ్ణి చూడలేదు. డెల్మస్‌కి ఎనభై మూడు, తుంటి ఎముక విరిగి ఒంటరిగా ఇంట్లో పడి ఉన్నాడు, చెవులు వినబడక ఫోనెత్తడు. వెళ్ళాలంటే ఎవరో ఒకరు తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళమంటే మొజెల్‌కి చెప్పాలి. చెబితే ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి ఒక అక్టోబరు నెల బయటికొస్తుంది. ఆ భయంతో ఆ మనిషి రెండేళ్ళు కిటికీలోంచి కొండ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ అక్టోబరు సంగతి ఇది. ఆ శనివారం బ్రదర్ అమోస్ మా వర్జిల్‌ని రింగు బయటికి ఈడ్చి, తలకిందులుగా ఎత్తి, వట్టి సిమెంటు నేల మీద పడేశాడు. స్ట్రెచర్ వచ్చింది. మైకు పట్టుకున్నాయన గొంతు వణికింది. సాయంత్రం వర్జిల్ మెడకి పెద్ద పట్టీతో ఇంటికొచ్చాడు. ఆరు వారాలు ఆ పట్టీ తియ్యలేదు. మిల్లులో అదే, చర్చిలో అదే, పడకలో అదే. మొజెల్ ఆయనకి చెంచాతో సూప్ తాగించింది, బూట్ల లేసులు కట్టింది.

మూడో వారంలో లూలా ప్రూయిట్ గుండె ఆగి పోయింది. మా దగ్గర ఎవరి ఇంట్లో చావు జరిగినా ఆ సాయంత్రానికల్లా పది ఇళ్ళనుంచి వంటలు వెళ్ళాలి. ప్రతి పళ్ళెం అడుగునా తెల్ల పట్టీ అంటించి పేరు రాస్తాం, కడిగి తిరిగివ్వడానికి వీలుగా. ఎవరు ఏం వండాలో జాబితా వేసేది మా చర్చిలో మొజెల్. ఆ రోజు ఆమె ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. "మా ఆయన మెడ విరిచినవాడి ఇంటికి మన వంట ఒక్క మెతుకు వెళ్ళడానికి వీల్లేదు," అంది. ఎవరూ పంపలేదు. నేనూ పంపలేదు. అప్పటికే ఆపిల్ ముక్కలు పిండిరొట్టెలో పెట్టి కాల్చే తీపి వంటకం, ఆపిల్ పై, చేసి పెట్టాను. అది మేమే తిన్నాం. చాలా బాగా కుదిరింది. ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది, నా సిగ్గంతా అదే.

ఆ అక్టోబరు క్యాసెట్టు వర్జిల్ ఎప్పుడూ తనంతట తాను పెట్టేవాడు కాదు. మొజెల్ పెట్టమనేది. చూసి, తిట్టి, మనసు తేలిక చేసుకునేది. పోయిన నెల ఆమెకి శుక్లాల ఆపరేషన్ అయింది. కళ్ళకి కట్టు విప్పాక వచ్చిన మొదటి శనివారం, కుర్చీలో సర్దుకుని కూర్చుని, "అక్టోబరుది పెట్టవయ్యా. ఆ పాపిష్టివాడి మొహం కొత్త కళ్ళతో చూస్తాను," అంది.

"వేరేది పెడతా. దాని టేపు బాగా అరిగిపోయింది," అన్నాడు వర్జిల్.

"నా కళ్ళూ అరిగాయి, బాగు చేయించుకోలేదూ? పెట్టు."

పెట్టాడు. నీతులు చెప్పడం అయింది. పుస్తకంతో కొట్టడం అయింది. బయటికి ఈడ్చుకొచ్చాడు, ఎత్తాడు, పడేశాడు. నేను రొట్టె విరుచుకుంటున్నాను.

"ఆపు," అంది మొజెల్. "వెనక్కి తిప్పు."

"తెగుతుందే."

"తెగితే తెగనీ."

తిప్పాడు. మళ్ళీ ఎత్తాడు, పడేశాడు. "ఇంకోసారి," అంది. మూడోసారి ఆమే లేచి వెళ్ళి, రిమోట్ లాక్కుని, బొమ్మని సరిగ్గా వర్జిల్ పడే చోట నిలబెట్టింది. టీవీకి జానెడు దూరంలో నిలబడి వేలు పెట్టి చూపించింది.

"ఐనెజ్, ఇటు రా. ఏం కనబడుతోంది?"

వెళ్ళాను. బొమ్మ అదురుతోంది కానీ ఉంది. వర్జిల్ తల నేలకి తగిలే చోట, తలకీ సిమెంటుకీ మధ్య ఒక అరచెయ్యి.

"చెయ్యి," అన్నాను.

"ఎవరిది?"

మణికట్టు దాకా ఉన్న నల్ల కోటు చూస్తే తెలుస్తూనే ఉంది. మొజెల్ టేపు కదిలించింది. బ్రదర్ అమోస్ లేచాడు. ఆ ఎడమచేతిని విదిలించి, కోటు లోపల దాచుకుని, కుడిచెయ్యి పైకెత్తి జనం మీద అరిచాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా మేం ఆ కుడిచేతినే చూశాం.

మొజెల్ మొగుడి వైపు తిరిగింది. "వాడి చెయ్యి నీ తల కింద ఏం చేస్తోంది?"

వర్జిల్ చిక్కుడుగింజల గిన్నె కింద పెట్టాడు. "రెండు వేళ్ళు విరగ్గొట్టుకుంటోంది," అన్నాడు. "వాడు నా స్నేహితుడు మొజెల్."

"ఎప్పట్నుంచి?"

"నీలం నిక్కరు కొన్న రోజునుంచి."

"మరి మెడ?"

"మెడకేం కాలేదు."

"ఆరు వారాలు నీకు సూప్ తాగించాను."

"తాగించావు."

"ఒకసారి వేడిగా ఉందని ఊది మరీ తాగించాను!"

"ఊదావు."

"చేపలకి వెళ్ళేది?"

"వాడితోనే. ఇంటికి తెచ్చినవన్నీ వాడు పట్టినవే. నాకు చేపలు పట్టడం చేతకాదు."

"అంటే ముప్పై ఏళ్ళు నేను మొక్కజొన్న పిండి అద్ది, వేయించి, బాగున్నాయని మళ్ళీ పెట్టుకుని తిన్నది ఆ అమోస్‌గాడి చేపలా?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. మొజెల్ నావైపు ఒక్క చూపు చూసింది, నా నవ్వు ఆగిపోయింది. నాకు గుర్తొచ్చిందే అప్పుడు ఆమెకీ గుర్తొచ్చిందనుకుంటాను, ఎందుకంటే ఆమె మెల్లిగా కుర్చీలో కూలబడింది.

"లూలా పోయినప్పుడు," అంది, "నేను ఫోన్లు చేస్తుంటే నువ్వు ఇదే కుర్చీలో ఉన్నావు."

"ఉన్నాను."

"విన్నావు."

"అన్నీ విన్నాను. ఆ తర్వాతి నెలే పెద్ద మైదానంలో కుస్తీ పెట్టారు. నా మెడ విరిచినందుకు అమోస్ మీద పగ తీర్చుకోవడానికి మన చాంపియన్ వస్తాడని చాటారు. అప్పుడు కంపెనీ అంతా దాని మీదే బతుకుతోంది. నా మెడ బాగుందని తెలిస్తే అందరి తిండీ పోయేది. నేను చెప్పేస్తానని డెల్మస్‌కి కబురు పెట్టాను మొజెల్. వాడే వద్దన్నాడు."

"సమాధి దగ్గరికైనా వెళ్ళావా?"

"రోడ్డు మీద కారాపి దూరంనుంచి చూశాను. తర్వాత చుట్టాలకి వాడు డబ్బాల్లోని చిక్కుడుగింజలు వేడిచేసి పెట్టాడట. ఇంట్లో ఇంకేమీ లేదు."

మొజెల్ తన గిన్నెని పక్కకి జరిపింది. "ఒక్క మాట అనలేకపోయావు."

"మాటిచ్చాను."

"నాకూ ఇచ్చావు. పెళ్ళిలో."

నేను నా పెనం తీసుకుని ఇంటికొచ్చేశాను. ఎవరిమీద కోప్పడాలో నాకు తెలియలేదు. వర్జిల్ మీద వచ్చింది, అంతకంటే ఎక్కువ నా మీద వచ్చింది. దుఃఖంలో ఉన్న ఇంటికి ఆపిల్ పై పంపకుండా కూర్చుని తిన్నది నేనే కదా. నా చెయ్యి ఎవరూ పట్టుకుని ఆపలేదు.

నాలుగు రోజులు వాళ్ళిద్దరూ చెరోచోట ఉన్నారు. వర్జిల్ వరండాలో, మొజెల్ వంటింట్లో. గురువారం పదింటికి ఆమె మా కంచె దగ్గరికొచ్చి, "ఏమే ఐనెజ్, నీ ఆపిల్ పై ఇంకా చేతనవునా?" అంది.

"ఎప్పటికి కావాలి?"

"ముప్పై ఎనిమిదేళ్ళ కిందటికి. రెండింటికల్లా కారు తియ్యి."

రెండింటికి ఆమె పెద్ద గాజు పళ్ళెం తువ్వాల్లో చుట్టి పట్టుకుని నిలబడి ఉంది. చికెన్, బియ్యం కలిపి, పైన బిస్కెట్ల పొడి చల్లి ఓవెన్‌లో కాల్చిన పళ్ళెం. చావు ఇంటికి ఆమె ఎప్పుడూ పంపేది అదే. వర్జిల్ చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నాడు. కొండ దిగుతుంటే ఒక్కసారి మొజెల్, "కిటికీ వేసుకో, గాలి కొడుతోంది," అంది వెనక్కి తిరక్కుండా. ఆయన వెంటనే వేసుకున్నాడు.

డెల్మస్ ప్రూయిట్ ఇంటి మెట్లు పాచి పట్టి ఉన్నాయి. మొజెల్ పళ్ళెంతో ముందు నడిచింది, వెనక ఆపిల్ పై పట్టుకుని నేను. వర్జిల్ కారు తలుపు తెరుచుకోవడానికి అవస్థ పడుతున్నాడు, గుమ్మానికి ఇంకా కనబడడు. గట్టిగా నాలుగుసార్లు కొట్టాక తలుపు తెరుచుకుంది. నడకకి ఊతంగా నాలుగు కాళ్ళ చట్రం పట్టుకుని, వంగిపోయిన ముసలాయన. టీవీలో చూసినవాడిలో సగం కూడా లేడు. మొజెల్‌ని చూశాడు, గుర్తుపట్టాడు.

ఏమయిందంటే, ఆయన నిటారుగా అయ్యాడు. వంగిన వీపు ఎక్కడికి పోయిందో తెలియదు. గడ్డం పైకెత్తి, ఒక కన్ను చిన్నది చేసి, ఆ పాత గొంతుతో, "టాకెట్ పెళ్ళామా! మీ ఆయన మెడ అతికిందా, మళ్ళీ విరవమంటావా? పాపుల్లారా, నా గడప దిగండి!" అని అరిచాడు. మాకింకా ఏమీ తెలియదనుకున్నాడు. స్నేహితుడికిచ్చిన మాట కాపాడుతున్నాడు. చట్రం పట్టుకున్న చేతులు గజగజ వణుకుతున్నాయి, గొంతు మాత్రం వణకలేదు. నాకు కళ్ళనిండా నీళ్ళొచ్చేశాయి.

"చాల్లే డెల్మస్," అంది మొజెల్ గట్టిగా, చెవిలో పడేలా. "చెయ్యి చూశాను."

"ఏ చెయ్యి?"

"ఎడమది. మా ఆయన తల కింద పెట్టావే, అది."

ఆయన చట్రం మీద ఉన్న తన ఎడమచేతిని చూసుకున్నాడు. చివరి రెండు వేళ్ళూ వంకరగా అతుక్కుని ఉన్నాయి. అప్పటికి వర్జిల్ మెట్ల దగ్గరికొచ్చాడు. డెల్మస్ ఆమె భుజం మీదుగా అతన్ని చూశాడు, రెండేళ్ళ తర్వాత.

"చెప్పేశావా?" అన్నాడు.

"లేదురా. నేను చెప్పలేదు. తనే చూసింది."

డెల్మస్ వీపు మళ్ళీ వంగిపోయింది. ఇక నిలబెట్టాల్సిన అవసరం లేదు కదా. ఆయన పళ్ళెం వైపు చూశాడు. "ఇదేంటి?"

"లూలాకి," అంది మొజెల్. ఆ పైన ఇంకేదో చెప్పాలనుకుని వచ్చింది, దారిలో పెదాలు కదుపుతుంటే చూశాను. పళ్ళెం ముందుకి చాపింది, అంతే.

ఆయన చట్రం వదిలేసి రెండు చేతులతో అందుకోబోయాడు. పడిపోతాడేమోనని వర్జిల్ పైకెక్కి ఆయన నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాడు. డెల్మస్ పళ్ళెం కింద తడిమాడు. వంకర వేళ్ళకి అడుగున అంటించిన పట్టీ తగిలింది.

"పేరు రాశావా?"

"రాశాను."

"అయితే కడిగి తిరిగివ్వాలన్నమాట."

"శనివారం ఒంటిగంటకి," అంది మొజెల్ కళ్ళు తుడుచుకుంటూ. "ఐనెజ్ వచ్చి నిన్ను తీసుకొస్తుంది. కుర్చీ వేసి ఉంచుతాను."